లెక్కల నాడాలు

భద్రాచలము సీమ చరిత్రము వ్రాయబూనినవారికి మొదటి చిక్కు పాత లెక్కలు దొరకకుండుటయే. ఈ తాలూకా 1860 వఱకు నైజాము ఏలుబడిలో నుండెను. పిమ్మట ఇంగ్లీషువారి వశమై, మధ్యపరగణాలలో నుండి 1874లో గోదావరి జిల్లాకును, 1959లో ఖమ్మము జిల్లాకును చేరెను. కచ్చేరి మాఱినప్పుడెల్ల లెక్క కొఱకు అడుగవలసిన చోటును మాఱినది.

ఏలికలు మాఱుట యొకటి, గోదావరి పొంగుట యొకటి. 1986 ఆగస్టు 16వ తేదీని భద్రాచలమున నీటిమట్టము 75.6 అడుగులకు లేచెను. ఆ వరదలో మా తాతగారి చింతపండు వర్తకపు కిర్దియు, ఖాతా పుస్తకములును నానిపోయినవి. సిరా కరగి పుటలన్నియు నీలపు మరకలైనవి. వానితో తడిసిన తాటాకు కట్ట యొకటి నీడను ఆఱబెట్టగా, గంటపు గీతలు చెడలేదు. మసి రాచినంతనే అక్షరములు తేటపడెను. కాని చెల్లు వ్రాసినది కాగితముపైననే. బాకీ తీర్చితిమన్న కోయ రైతులు నలుగురు రుజువు లేక మా గుమ్మమున నిలిచిరి. వారి మాటనే లెక్కగా వ్రాసికొంటిమి. ఆనాటి వారి ముఖములు నాకు మఱపునకు రావు.

నేడు మిల్లులును బ్యాంకులును లెక్కల నకలును అయస్కాంతపు నాడాలపై దాచుట కలదు. సన్నని ప్లాస్టికు నాడాపై అయస్కాంతపు పొడిని జిగురుతో నంటింతురు. ఆ పొడియే అంకెలను పట్టియుంచును. కొన్ని పాతరకపు నాడాలలో జిగురు చెమ్మ పీల్చి బంకయగును. యంత్రమునకెక్కింపగానే పొడి రాలును. అట్టివానిని గంటల తరబడి సన్నని వేడిని ఆఱబెట్టి, చదువ వీలైన కొలది దినములలోనే వేఱొక నకలు తీయుదురు.

తాటాకునకు కన్ను చాలును. నాడాకు దాని యంత్రమే కావలయును. 2000లో వెలసిన ఎల్.టి.ఓ. రకములో ఎనిమిదవ తరపు యంత్రము ఏడవ తరపు నాడాను చదువును గాని ఆఱవదానిని చదువదు. 1966, 1967లలో చంద్రుని చిత్రములు పట్టిన అమెరికావారి నాడాలనుండి, మూలబడిన యంత్రమును బాగుచేసి 2008లో మరల చిత్రమును రాబట్టిరి.

నేనెఱిగిన యొక ధాన్యపు మిల్లువారు ప్రతి రాత్రియు నకలు తీసెడివారు. కంప్యూటరు చెడిననాడు నాడా పట్టుకొని పట్నమునకు పోయిరి. అందు పేర్లున్నవి, లెక్కలు లేవు. నకలు తీయుటయే గాని దానిని మరల చదివి చూచిన దినము లేదట! తుదకు రైతులు చూరులందును పెట్టెలందును దాచిన తూకపు చీటీలను అడిగి తెచ్చి, మూడు మాసములు కూర్చుండి ఖాతా తిరిగి వ్రాసికొనిరి. చీటీ పోగొట్టుకొన్నవారికి ఎంత యిచ్చిరో నేనడుగలేదు.