పైగాలి జాడ చెప్పిన చిత్తడి వాయువు

1776 నవంబరులో ఇటలీ దేశమందలి మజ్జోరే సరస్సు ఒడ్డున అలెస్సాండ్రో వోల్టా కర్రతో అడుగుబురదను కదిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టెను. ఆ వాయువు నీలిమంటతో మండినది. దానినే నేడు మీథేన్ అందురు. మన వరిమళ్లలో నిలిచిన నీటి అడుగునను, పశువుల కడుపులలోను పుట్టునది ఇదియే. అయితే ఇది గాలియంతటను వ్యాపించియున్నదని తెలియుటకు మరి 170 సంవత్సరములకు పైగా పట్టినది. 1948లో బెల్జియము శాస్త్రజ్ఞుడు మార్సెల్ మిజియోట్ అమెరికాలో సూర్యుని పరారుణ వర్ణపటమును పరీక్షించుచు, అందు మీథేన్ మింగివేసిన కాంతిరేఖలను గుర్తించెను.

1990 ప్రాంతమున నేలమీది గాలిలో దీని పాలు పదిలక్షలకు 1.7 మాత్రమే. ఇంత కొంచెపు వాయువును వెదకుటకు ఉపగ్రహములను పంపనేల అని శ్రోతలు అడుగవచ్చును. దాని విలువ అది నశించు తీరులో ఉన్నది. గాలితోపాటు స్ట్రాటోస్ఫియరను పైపొరలోనికి పోయిన మీథేన్ అచట క్రమముగా విరిగి, ఒక్కొక్క అణువునకు ఇంచుమించు రెండేసి నీటి అణువులను విడిచిపోవును. కనుక మీథేన్ తరిగిన చోట గాలి చిరకాలము పైనే తిరిగినదని గ్రహింపవచ్చును. ఏటిలో కలిపిన రంగువలె అది గాలి నడకను చూపును.

ఈ నడకను గూర్చి 1949లో అలన్ బ్రూవర్ ఒక ఊహ చేసెను. ఇంగ్లండు మీద విమానములలో కొలిచినప్పుడు పైగాలి మిక్కిలి పొడిగా కనబడినది. అంత పొడిగాలి భూమధ్యరేఖకు సమీపమున, అతిశీతలమైన ఎత్తుల గుండా పైకెక్కి, ధ్రువముల వైపు సాగి దిగుచుండవలెనని ఆయన వాదము. ఒక దేశము మీది కొలతతో లోకమంతటి గాలిని గూర్చి చెప్పుట సాహసమే!

దానిని సరిచూడగల సాధనము 1978 అక్టోబరు 24న నింబస్-7 ఉపగ్రహముతో పైకి వెళ్లినది. నిర్మించినవారు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు. అందలి ఉపాయము ముచ్చటైనది. ఏ వాయువును వెదకవలెనో ఆ వాయువునే ఒక చిన్న అరలో నింపి, దాని పీడనమును పెంచుచు తగ్గించుచు, భూమి అంచున గాలి వెలువరించు పరారుణ కాంతిని దానిగుండా చూచుట. తన జాతి కాంతిని అది పట్టును; తక్కినదానిని వదలును. పాము కాళ్లు పామునకే తెలియునన్నమాట! ఆ పటములలో మీథేన్, నైట్రస్ ఆక్సైడు రెండును భూమధ్యరేఖ మీద ఉబ్బి, ధ్రువముల వైపు వాలియుండెను. బ్రూవర్ ఊహ నిలిచినది.

1991 సెప్టెంబరులో డిస్కవరీ వ్యోమనౌక కక్ష్యలో విడిచిన వేరొక ఉపగ్రహము మీద హాలో అను సాధనముండెను. ఆ ఉపగ్రహమునకు దినమునకు 15 సూర్యోదయములు, 15 అస్తమయములు. ఆ క్షణములలో గాలిపొరలను దాటి వచ్చు సూర్యకాంతిని హాలో కొలిచెను. దక్షిణధ్రువపు సుడిలో మీథేన్ అత్యల్పముగా కనబడినది. అచటి గాలి ఎంతో పైనుండి, పక్కగాలితో అంతగా కలియకయే దిగినదని తేలినది.

అయితే ఆనాటి పెద్ద తగవు ఓజోనును గూర్చినది. దానిని హరించు క్లోరిన్ అగ్నిపర్వతములదా, శీతలయంత్రములలో వాడిన క్లోరోఫ్లోరోకార్బనులదా? మీథేనును తాకిన క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడుగా మారును. దానిని చూచి మాత్రమే మూలము చెప్పలేము. హైడ్రోజన్ ఫ్లోరైడు సంగతి వేరు. అంత ఎత్తున దానికి ఆధారము దాదాపుగా మానవుడు చేసిన ఆ రసాయనములే. హాలో 55 కిలోమీటర్ల ఎత్తున కొలువగా రెండును పెరుగుచుండెను. ఆ పెరుగుదల క్లోరోఫ్లోరోకార్బనుల లెక్కకు సరిపోయినది. 1996లో జేమ్స్ రస్సెల్ బృందము ఈ ఫలితమును ప్రకటించెను. అగ్నిపర్వతముల మీద నెపము మోపుట ఆ తరువాత కష్టమైనది.

ఉపగ్రహము దూరమునుండి చూచునదే గాని గాలిని ముట్టదు. ముట్టి తెచ్చిన గాలియు కావలెను. 1980, 1990 దశకములలో హైదరాబాదు నుండి ఎగిరిన పెద్ద బెలూనులు అతిశీతల పాత్రలలో పైగాలిని పట్టి తెచ్చినవి. అందలి మీథేనును ప్రయోగశాలలో కొలిచిరి. వోల్టా సీసా మరల అక్కరకు వచ్చినట్లే.

హాలో 2005 నవంబరు వరకు పనిచేసెను. దానిని మోసిన ఉపగ్రహము 2011 సెప్టెంబరు 24న పసిఫిక్ మహాసముద్రమున కూలినది.