ఓడ కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఓడ కట్టి చూడు అని మాత్రం అనలేదు. వాళ్ళకు ఆ అవసరం వచ్చి ఉండదు కాబోలు. ఆ మధ్య మా ఇంటికి ప్లాను గీయించినప్పుడు అమ్మ తూర్పు ముఖంగా దేవుడి గది కావాలంది. మా ఆవిడ గాలీ వెలుతురూ వచ్చే వంటిల్లు అడిగింది. పిల్లలకు తలా ఒక గది. నాకు పుస్తకాలు పెట్టుకోడానికి ఒక మూల. మేస్త్రీ అన్నీ ఓపిగ్గా విని, "అన్నీ కట్టొచ్చు బాబుగారూ, స్థలమే చాలదు" అన్నాడు. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి ఎగిరిపోయింది నా పుస్తకాల మూలేననుకోండి.

సముద్రాన్ని పరిశోధించే ఓడ కట్టించడం కూడా ఇలాంటి పంచాయితీయే. నీటిలో ఉప్పెంతో, ప్రాణవాయువెంతో కొలిచే ఆయనకు కదలని బల్ల కావాలి. వల వేసి లోతుల్లోని జీవాల్ని పట్టే ఆయనకు విశాలమైన డెక్కు కావాలి. అడుగునున్న మట్టి తీసే ఆయనకు మైళ్ళ కొద్దీ తీగా, దాన్ని చుట్టే బలమైన యంత్రమూ ఉండాలి. ధ్వనిని కిందికి పంపి లోతు చూసే ఆయన ఇంజను చప్పుడు చెయ్యకూడదంటాడు. ఇన్ని మోసుకుని తుఫానులో బోల్తా పడకుండా ఉంటే చాలునంటాడు కెప్టెను. డబ్బిచ్చేవారు ఏమంటారో మీకు చెప్పనక్కర్లేదు. బల్ల కదలకూడదంటే ఓడ పెద్దదవాలి. పెద్దదైతే బొగ్గో నూనో ఎక్కువ తాగుతుంది. ఒకరి కోరిక తీరిస్తే మరొకరి నోట్లో మట్టి.

అందుకే చాలాకాలం ఎవరూ ఈ గొడవ పెట్టుకోలేదు. వేరే పనికి పుట్టిన ఓడను తెచ్చి, ఉన్నంతలో సర్దుకునేవారు. 1872 డిసెంబరులో ఇంగ్లండునుంచి బయల్దేరిన ఛాలెంజర్ అలాంటిదే. అది యుద్ధనౌక. రెండు ఫిరంగులు ఉంచి మిగతావన్నీ దింపేసి, ఆ స్థలంలో ప్రయోగశాలలు అమర్చారు. వైవిల్ థామ్సన్ అనే ఆచార్యుడి కింద మరి నలుగురు శాస్త్రజ్ఞులూ, చిత్రకారుడూ ఎక్కారు. దారిపొడవునా తెరచాపలే. లోతు కొలిచేటప్పుడు ఓడ ఉన్నచోటే నిలబడాలి కనుక అప్పుడు మాత్రం ఆవిరి యంత్రం నడిపేవారు. తీగ బదులు జనపనార తాడు. అలాంటిది నూట ఎనభై మైళ్ళ పైచిలుకు ఓడలోకి ఎక్కించారు! మూడున్నరేళ్ళలో దాదాపు 69,000 నాటికల్ మైళ్ళు తిరిగి, పసిఫిక్‌లో ఒకచోట 4,475 ఫాదముల లోతు కనుక్కుని, 1876 మే నెలలో తిరిగొచ్చారు. ఫలితాలన్నీ అచ్చు వేస్తే 50 సంపుటాలయ్యాయి.

కానీ ఆ తాడు లాగే పని మాటలు కాదు. ఒకసారి బరువుకు కప్పీ ఊడి వచ్చి తగలడంతో చిన్న కుర్రాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. రోజుకి రోజు బురద పైకి లాగడం, దాన్ని జల్లించడం చూసి విసుగెత్తిన నావికులు ఎందరో రేవుల్లో దిగి పారిపోయారు. తుపాకులు తీసేస్తే యుద్ధనౌక విజ్ఞాననౌక అయిపోదు మరి.

ఈ సర్దుబాటు అలవాటు మన దాకా వచ్చింది. 1960ల్లో హిందూ మహాసముద్రం మీద అనేక దేశాలు కలిసి పరిశోధన తలపెట్టినప్పుడు, అమెరికావారు ఆంటన్ బ్రూన్ అనే ఓడ పంపారు. దాని పూర్వాశ్రమం ఏమిటనుకున్నారు? విలియమ్స్‌బర్గ్ పేరుతో ప్రెసిడెంట్ ట్రూమన్ విహారనౌక! ఆయన స్నేహితులతో పేకాడిన ఓడ 1963లో మన బంగాళాఖాతంలో నీళ్ళు తోడింది. 1950ల్లో వాల్తేరుకు వచ్చి మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పాఠాలు చెప్పిన లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడే, మన తీరానికి అవతల సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, కృష్ణ అనీ, వాల్తేరు భూగర్భశాస్త్ర ఆచార్యుడి పేరిట మహదేవన్ అనీ పేర్లు పెట్టాడు. తరువాత మన దేశం సొంతంగా సముద్ర పరిశోధనకు దింపిన గవేషణి మాత్రం? రేవుల్లో తవ్విన బురద మోసుకుపోయే బార్జీని కలకత్తాలో మార్చి తయారు చేసిందే. ఆ బురద బార్జీయే 1981 జనవరి 26న సముద్రగర్భం నుంచి బంగాళాదుంపల్లాంటి లోహపు ముద్దల్ని పైకి తెచ్చింది. గొప్ప పనే. అయినా అది అద్దె ఇంట్లో చేసిన పెళ్ళి లాంటిది.

ముందు కోరిక రాసుకుని, ఆ కోరిక ప్రకారమే కట్టించుకున్న ఓడ కథ చెప్పాలంటే నార్వే వెళ్ళాలి.

1881లో జెన్నెట్ అనే అమెరికన్ ఓడ సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్ళకు దాని సామాన్లు కొన్ని, ఒక నావికుడి పేరు రాసి ఉన్న పంట్లాంతో సహా, గ్రీన్‌లాండు తీరంలో దొరికాయి. అంటే భూగోళం నెత్తిమీదుగా కొట్టుకొచ్చాయన్నమాట. పత్రికలో ఈ వార్త చదివిన నాన్సెన్ అనే యువకుడికి ఒక ఊహ తట్టింది. పంట్లాం రాగలిగితే ఓడ మాత్రం ఎందుకు రాదు? మంచులో కావాలని ఇరుక్కుని, ప్రవాహంతోపాటు కొట్టుకుపోతూ, దారి పొడవునా సముద్రాన్ని కొలుచుకుంటూ పోతే?

అలాంటి ఓడ ఎక్కడిది? కోలిన్ ఆర్చర్ అనే ఓడల మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. ఆర్చర్ తల్లిదండ్రులు స్కాట్లండువాళ్ళు, ఆయన పుట్టి పెరిగింది నార్వేలోనే. నాన్సెన్ కోరిన మొదటి కోరిక ఒక్కటే. మంచు నొక్కితే ఓడ విరక్కూడదు, పైకి లేవాలి. చింతగింజను రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కితే ఏమవుతుంది? చటుక్కున జారి ఎగురుతుంది. ఓడ కూడా అలా జారాలి.

ఈ ఒక్క కోరిక కోసం మిగతావన్నీ వదులుకున్నారు. వేగం అక్కర్లేదు. సొగసు అక్కర్లేదు. పొడవు 39 మీటర్లైతే వెడల్పు 11. ఇంచుమించు గుమ్మడికాయే. మంచుకు పట్టు దొరక్కుండా పక్కలు గుండ్రంగా, నున్నగా చెక్కారు. అడుగున వెన్నెముకలా ఉండే దూలాన్ని కూడా బయటికి పొడుచుకు రాకుండా లోపలికే అణిచేశారు. చుక్కానినీ, ప్రొపెల్లరునీ మంచు కొరక్కుండా బావిలోంచి చేద తోడినట్టు పైకి లాక్కోవచ్చు. పక్కల మందం రెండడుగుల పైమాటే. పదమూడు మంది ఏళ్ళ తరబడి ఉండాలి కనుక గోడల్లో కార్కు, జింక వెంట్రుకలు కూరారు. డెక్కు మీద గాలిమర. అది తిరిగితే ఆరునెలల చీకట్లో విద్యుద్దీపం వెలుగుతుంది. 1892 అక్టోబరులో ఓడను నీళ్ళలోకి దింపి, నాన్సెన్ భార్య ఎవా 'ఫ్రామ్' అని పేరు పెట్టింది. 'ముందుకు' అని అర్థం.

పెద్దలు ఒప్పుకుంటారా? ఆ ఏడే లండన్‌లో భూగోళశాస్త్ర సంఘంవారి ముందు నాన్సెన్ తన పథకం చెబితే, మంచుసముద్రాల్లో తల నెరిసినవాళ్ళంతా తలలు అడ్డంగా ఊపారు. సందేహపడ్డవారిలో జార్జి నేర్స్ కూడా ఉన్నాడు. ఎవరనుకున్నారు? మన ఛాలెంజర్ మొదటి కెప్టెనే. సగంలో ఆ ఓడ దిగి, ఉత్తరధ్రువ యాత్రకు నాయకత్వం వహించిన మనిషి. ఆయన భయం అన్యాయమైనదేమీ కాదు. ఇలా కొట్టుకుపోయే ఓడ నలిగితే, చుట్టుపట్ల కాలు పెట్టడానికి నేల ఉండదు. ఆర్చర్ లెక్కల్లో ఎక్కడైనా తప్పుంటే పదమూడు ప్రాణాలూ పోతాయి.

పరీక్ష 1895 జనవరిలో వచ్చింది. మంచు గుట్ట ఒకటి ఉరుముతూ వచ్చి ఎడమ పక్క మీదికి ఎక్కడం మొదలెట్టింది. కుక్కలు ఉన్నచోటికి నీళ్ళొచ్చాయి. తిండి, పడవలు, స్లెడ్జీలు బయట మంచు మీద పేర్చుకుని, బట్టలు విప్పకుండానే పడుకున్నారు. మంచు కంచె దాటి డెక్కు మీదికి దొర్లింది. ఫ్రామ్ కిర్రుమంది, మూలిగింది, ఆపైన తన పానుపు తెంచుకుని పైకి లేచింది! పెద్ద గాయం లేదు. ఆ రాత్రి ఆర్చర్ పేరు వాళ్ళు ఎన్నిసార్లు తలుచుకున్నారో.

ఇంత జాగ్రత్తపరుడు కూడా జాబితాలో ఒకటి తప్పు రాశాడు. ధ్రువం దగ్గర సముద్రం లోతు తక్కువని అందరిలాగే నాన్సెన్ కూడా నమ్మాడు. అందుకని లోతు కొలిచే తాడు కాస్తే తెచ్చుకున్నాడు. వేశారు. అడుగు తగల్లేదు. ఉన్నదంతా వేశారు. ఊహూఁ. చివరికి ఓడలోని ఉక్కు మోకు ఒకటి తీసి, పురి విప్పి, పాయల్ని ఒకదానికొకటి కలిపి, ఆ చలిలో నాలుగైదు వేల మీటర్ల తీగ పేనుకున్నారు. అప్పుడు తేలింది, లోతు మూడు వేల మీటర్ల పైనే! ఆ యాత్రలో కనుక్కున్న పెద్ద సంగతుల్లో ఇదొకటి. దానికి తగిన పనిముట్టు మాత్రం జాబితాలో లేదు. గాలి వీచే దిక్కుకు మంచు కొంచెం కుడివైపుకి తప్పి జరుగుతోందని కూడా నాన్సెన్ గమనించాడు. తరువాత ఎక్మన్ అనే స్వీడన్ యువకుడు దానికి భూమి భ్రమణమే కారణమని లెక్క కట్టి చూపాడు.

1895 మార్చిలో నాన్సెన్ ఒక స్నేహితుడితో ఓడ దిగి, ధ్రువం వైపు మంచు మీద నడిచి వెళ్ళాడు. 86 డిగ్రీల 14 నిమిషాల దాకా పోయి వెనుదిరిగాడు. 1896 ఆగస్టు 13న ఆయన నార్వేలో కాలు పెట్టాడు. సరిగ్గా అదే రోజున ఫ్రామ్ మంచులోంచి బయటపడింది. పదమూడు మందిలో ఒక్కరూ పోలేదు.

మరి వదులుకున్న కోరికల మాటేమిటి? అడుగున దూలం లేని ఓడ మంచులో హాయిగా ఉంటుంది గాని, మామూలు సముద్రంలో ఉయ్యాలే. 1893లో బయల్దేరిన కొత్తలోనే, దక్షిణ నార్వే తీరం దాటుతుండగా ఫ్రామ్ మొద్దులా దొర్లింది. ఎవరెవరు ఎలా ఉన్నారో గాని, దాన్ని కోరి కట్టించుకున్న నాన్సెన్ దొర మాత్రం బ్రిడ్జి మీద నిలబడి తిన్నదంతా సముద్రుడికి సమర్పించుకున్నాడు. తరువాత అమండ్‌సెన్ దక్షిణధ్రువానికి వెళ్ళింది కూడా ఈ ఓడలోనే. ఆ దారంతా అదే ఊపు. ఇప్పుడది ఆస్లోలో మ్యూజియం కప్పు కింద ఉంది. లోపలికెళ్ళి నడిచి చూడవచ్చు. అక్కడ ఊగదు.