వర్తకుల సెంట్లు

యుద్ధము రాగానే చిల్లర మాయమగుట లోకానుభవమే. అమెరికా అంతర్యుద్ధమున, 1862లో, బంగారు వెండి నాణెములు ముందుగా పెట్టెలలో దాగినవి. పిదప సెంట్లు సయితము కరవైనవి. జనులు తపాలా బిళ్లలతో బేరములు సాగించిరి. చెమట చేతులకు అంటుకొను ఆ జిగురు కాగితములతో ఎవరికి సుఖము?

అంతట వర్తకులే సెంటు పరిమాణమున రాగి టోకెన్లు ముద్రింపించిరి. మా సేకరణలో మేము మిక్కిలి ముచ్చటపడునవి, ‘ఒక సెంటు’ అని పెద్ద అక్షరములలో చాటి, ‘కాదు’ అను మాటను మాత్రము సన్నగా చెక్కినవి. చట్టమునకు చిక్కకుండుటకే ఈ నేర్పు! సెంటు విలువ చేయని లోహమును జనులు అంగడివాని మాటపై నమ్మి పుచ్చుకొనిరి. ఆ మాట ఎల్లరును నిలుపుకొనలేదు. న్యూయార్కు పానశాల యజమాని లిండెన్‌ముల్లర్ పది లక్షలకు పైగా టోకెన్లు వదలెనందురు. గుర్రపు ట్రాముల కంపెనీవారు తమవద్ద పోగుపడిన వానిని మార్చి ఇమ్మనగా, ఆయన నవ్వి పొమ్మనెనట. కంపెనీకే ఆ గతి పట్టినచో కూలివాని మొర వినువారెవరు?

1864 ఏప్రిల్ 22 నాటి చట్టము ఇట్టి సెంట్లను నిషేధించినది. అదే చట్టము ప్రభుత్వపు సెంటును పలుచని కంచు నాణెముగా మార్చినది. చూపునకు అదియు వర్తకుల టోకెను వలెనే ఉండెను.