మంచుఖండానికి మూటాముల్లె

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో మా చిన్నమ్మ మంచం నిండా బట్టలు పరుచుకుని కూర్చుంది. విజయనగరం లైను పడ్డాక రైలు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబం మాది. కోట్లూ కంబళ్లూ మా ఇంట్లో అంతంతమాత్రం. ఆవిడేమో జనవరిలో అర్జెంటీనా కొసన ఉన్న ఉష్వాయా రేవులో అంటార్కిటికా ఓడ ఎక్కబోతోంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ దాచుకున్న డబ్బు, దాచుకున్న కోరిక. ఓడవాళ్లు పంపిన సామాన్ల జాబితాలో మొదటి మాటే ఆవిడకు మింగుడుపడలేదు. నూలు బట్టలు వద్దట.

“చలికి పోతుంటే నూలు వద్దంటారేమిట్రా? పుట్టి బుద్ధెరిగాక నూలు తప్ప వేరేది వంటికి తగిలిందా నాకు?” అంది.

ఆ ఒక్క మాట వెనక వందేళ్ల పైబడిన కథ ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు చెమట సంగతి తెలియాలి. మే నెలలో రాయ్‌పూర్‌లో ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు మనల్ని కాపాడేది చెమటే. నూలు చొక్కా దాన్ని పీల్చుకుంటుంది, గాలి తగిలితే ఆరుతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. అక్కడ మంచులో కూడా అది చేసేది సరిగ్గా ఆ పనే. ఇక్కడ ప్రాణం నిలబెట్టే గుణమే అక్కడ ప్రాణం తీస్తుంది.

చెమట నేర్పే ఈ పాఠాన్ని అందరికంటే ఘోరంగా నేర్చుకున్నవాళ్లు ముగ్గురు: విల్సన్, బౌవర్స్, చెర్రీ గారార్డ్. అంటార్కిటికాకు వచ్చిన ఇంగ్లీషు నాయకుడు స్కాట్ దళంలోని ఈ ముగ్గురూ 1911 జూన్ 27న ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కు బయలుదేరారు. అక్కడది నడి శీతాకాలం, సూర్యుడు పొడవని రోజులు. చలి సున్నాకు 60 డిగ్రీలు దిగువకు కూడా పోయింది. ఉన్ని బట్టలు, పైన గాలి చొరని గాబర్డీన్, పడుకోవడానికి జింకతోలు సంచులు, అన్నీ మంచివే. కానీ బండి లాగుతుంటే చెమట పట్టక మానదు. ఆ చెమట ఆవిరై బయటికి పోలేక బట్టల పొరల మధ్యే గడ్డకట్టింది. రాత్రి సంచిలో దూరితే కరిగి తడి చేసేది, తెల్లారి బయట పెడితే సంచితో సహా బిగుసుకుపోయేది. ఐదు వారాల తర్వాత తిరిగొచ్చేసరికి ఆ సంచుల బరువు మంచుతోనే బాగా పెరిగిపోయింది.

చెర్రీ తరవాత రాసుకున్న సంగతి ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. ఓ ఉదయం గుడారం నుంచి బయటికి వచ్చి, చుట్టూ చూద్దామని తలెత్తాడు. పదిహేను సెకన్లు నిలబడ్డాడేమో, అంతలోనే ఒంటిమీది బట్టలు చెక్కలా బిగుసుకున్నాయి. ఎత్తిన తల దించలేకపోయాడు. నాలుగు గంటల పాటు అలా ఆకాశం వైపు చూస్తూనే బండి లాగాడు. ఆనాటి నుంచి ముగ్గురూ బయటికి రాగానే బండి లాగే భంగిమలో వంగి నిలబడేవారు, గడ్డకట్టేదేదో ఆ వంపులోనే గడ్డకట్టనీ అని.

చెమట గుట్టు అంతకు ముందే తెలిసినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వాళ్ల ఇళ్లే మంచులో ఉన్నాయి. నార్వేవాడు అముండ్‌సెన్ 1903లో ఆర్కిటిక్‌కు పోయి, ఇప్పుడు కెనడాలో ఉన్న యోవా హేవన్‌లో రెండు శీతాకాలాలు నెట్సిలిక్ ఇన్యుయిట్ల పొరుగున గడిపాడు. వాళ్లు కారిబూ జింక తోళ్లతో రెండు జతలు వేసుకునేవారు. లోపలి జతకు బొచ్చు ఒంటివైపు, బయటి జతకు బొచ్చు బయటివైపు. కారిబూ వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది, అందులో గాలి నిలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ బట్టలు వదులుగా ఉంటాయి. లోపల గాలి ఆడుతుంది, చెమట పేరుకోకముందే ఆరుతుంది. పనిలో ఒళ్లు వేడెక్కిందా, పై జత విప్పేస్తారు. వీటిని కుట్టింది ఆడవాళ్లు, జంతువుల స్నాయువులను దారంగా చేసుకుని. తడిస్తే ఆ దారం ఉబ్బి కుట్టు రంధ్రాలను తానే పూడ్చేస్తుంది. 1911 డిసెంబర్ 14న అముండ్‌సెన్ దక్షిణ ధ్రువం చేరాడని పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ విజయంలో ఈ పేరు తెలియని ఆడవాళ్ల సూదిపని నేర్పిన పాఠానికి చోటివ్వని చరిత్రను నేను పూర్తి చరిత్ర అనలేను.

మంచుసీమల జనం పెట్టిన కోటు పేర్లు మాత్రం మిగిలాయి. ‘అనొరాక్’ గ్రీన్‌లాండ్ భాషది. ‘పార్కా’ ఉత్తర రష్యాలోని నెనెట్స్ జనం మాట, రష్యన్ల నోట పడి ప్రపంచానికి వచ్చింది. మా చిన్నమ్మ జాబితాలో ఈ రెండో మాట ఉంది.

తోళ్లు దొరకని చోట అదే సూత్రాన్ని వేరే సరుకుతో సాధించాలి. 1933లో హెన్రిక్ బ్రున్ అనే నార్వే సైనికాధికారి చేపల వలతో బనియన్ కుట్టించాడు. వల కన్నుల్లో గాలి నిలిచి వెచ్చగా ఉంచుతుంది, చెమట చర్మాన్ని వదిలి పైకి పోతుంది. ఇది చెబితే చిన్నమ్మ, “మీ తాతయ్య ఎండాకాలం వేసుకునే జాలీ బనియనేగా!” అంది. చూడ్డానికి నిజంగా అలాంటిదే. తర్వాత 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్క గుంజు గుంజి సాగదీసి, ఆవిరిని పోనిచ్చి నీటిచుక్కను ఆపే పొర తయారుచేశాడు. 1979లో మసాచుసెట్స్‌లోని మాల్డెన్ మిల్స్ నుంచి ఫ్లీస్ వచ్చింది. ఒంటికి ఆనుకుని సన్నని ఉన్ని, మధ్యన ఫ్లీస్, పైన గాలీ నీరూ చొరని కోటు: జాబితాలోని మూడు పొరలు ఇవే.

ఇక మామూలు మనిషి సూట్‌కేసులోకి ఇలాంటి బట్టలు రావడం మొదలైంది 1966 నుంచి. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ ఆ ఏడు అర్జెంటీనా నౌకాదళం ఓడను అద్దెకు తీసుకుని యాత్రికులను అంటార్కిటికా తీసుకెళ్లాడు. 1969లో అందుకోసమే ఎర్రరంగు చిన్న ఓడ కట్టించాడు. దాంతో మూట బాగా తేలికైంది. చెర్రీ బృందంలా వారాల తరబడి మంచులో బతకనక్కర్లేదు. రబ్బరు పడవలో దిగి, గంటో రెండు గంటలో నడిచి, ఓడకు తిరిగొస్తే వేడి సూప్ ఉంటుంది. మంచులో దూరానికి కనపడే రంగు కోటు చాలా ఓడలు తామే ఇస్తాయి, గమ్‌బూట్లు అద్దెకిస్తాయి. పైగా జనవరిలో అక్కడ ఎండాకాలం. అంటార్కిటిక్ ద్వీపకల్పంలో పగటి చలి సున్నాకు అటూ ఇటూ. మన మైన్‌పాట్ కొండ మీద జనవరి తెల్లవారుజాముకు, దానికి పెద్ద తేడా ఉండదు. ఆ మైన్‌పాట్‌లో 1962 నుంచి టిబెటన్లు ఉన్నారు. చిన్నమ్మ ఉన్ని టోపీ కూడా ఓ టిబెటన్ దుకాణంలో కొన్నదే. దాన్ని మార్చాల్సిన పని లేదన్నాను.

యాత్రికుల సంగతి ఇలా ఉంటే, పరిశోధనకు మన దేశం పంపిన తొలి దళం శాస్త్రవేత్త ఖాసిం నాయకత్వంలో 1981 డిసెంబర్ 6న గోవా నుంచి కదిలి, 1982 జనవరి 9న మంచుఖండం మీద దిగింది. మన దళాలవాళ్లకు మంచులో మెలిగే శిక్షణ హిమాలయాల్లోని ఔలీలో ఇస్తారు.

చిన్నమ్మ జాబితా చివర ఉన్న పంక్తి మాత్రం మనిషి కోసం రాసింది కాదు. జేబులు, మడతలు, వెల్‌క్రో పట్టీలు శుభ్రం చేసుకుని రండి అని ఉంది. 2007–08 కాలంలో అంటార్కిటికాకు వచ్చినవాళ్ల బట్టలను, సంచులను వాక్యూమ్ పెట్టి పరిశోధకులు పరీక్షించారు. 2012లో వచ్చిన ఆ లెక్క ప్రకారం, విత్తనాలు మోసుకొచ్చినవాళ్లలో మనిషికి సగటున 9.5 విత్తనాలు. పచ్చిక బయళ్లలో పెరిగే ఒక మామూలు గడ్డి ఇప్పటికే కింగ్ జార్జ్ దీవిలో వేళ్లూనింది. అందుకే దిగే ముందు ఓడలో బట్టలు దులుపుతారు, బూట్లు మందునీళ్లలో కడిగిస్తారు. పరాయి మొక్కలు, జీవులు తీసుకెళ్లకూడదని 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందంలో ఉంది. మన పార్లమెంటు 2022లో చేసిన అంటార్కిటిక్ చట్టంలోనూ ఉంది. వందేళ్లూ మనిషిని మంచు నుంచి కాపాడిన మూట, ఇప్పుడు మంచును మనిషి నుంచి కూడా కాపాడాలి. జాబితా మొత్తంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించిన పంక్తి ఇదే.

చిన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని, వరండాలో వెలుతురుకి ఎదురుగా కూర్చుని, తెల్లవారుజాము నడకకు వేసుకునే ఉన్ని మేజోడు చేతికి తొడుక్కుంది. మడమ దగ్గర చిన్న చిన్న ముళ్లలాగా ఏవో పట్టుకుని ఉన్నాయి. పిన్నీసుతో ఒకటి లాగి గోటిమీద పెట్టుకుని చూసింది.

“ఉత్తరేణి రా. చవితి పత్రిలో వేస్తాం కదా.”

కాలనీ గట్టు మీద విరగకాస్తుంది అది. లెక్కపెట్టింది. ఒక్క మేజోడుకే పదకొండు. అన్నిటినీ కాగితంలో పొట్లం కట్టి, గట్టు మీదే పారబోసి రమ్మని నా చేతికిచ్చింది.