సూయజ్ యుద్ధం - మన హైదరాబాదీ రాయబారి

నవాబ్ అలీ యావర్ జంగ్ పేరును రఘునాథపల్లి నుంచి ఉస్మానియాకు చదువుకు పోయినవారు వినే ఉంటారు. అక్కడ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన ఆయనే 1956లో కైరోలో భారత రాయబారి.

జులై 26న నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. బ్రిటన్, ఫ్రాన్సులు కత్తులు నూరినవి. మన ఓడలూ ఆ దారినే యూరప్ పోవాలి. తటస్థులమని చేతులు కట్టుకొని కూర్చుంటే గడవదు. నెహ్రూ గారి తంతివార్తలు జంగ్ సాహెబ్‌కు వచ్చేవి. నాసర్‌తో మాట్లాడి జవాబు పంపాలి. ఆగస్టులో లండన్ సమావేశానికి ఈజిప్టు రాలేదు. అక్కడ కృష్ణమీనన్ మధ్యేమార్గం చెప్పారు: కాలువ ఈజిప్టుదే, వాడుకునే దేశాలకు సలహా సంఘం ఉండాలి. 22 దేశాల్లో 18 అమెరికా పక్షం. మనతో నిలిచినవి రష్యా, ఇండోనేషియా, సింహళం.

అక్టోబర్ 29న ఇజ్రాయెల్ దాడి చేసింది. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ప్రారంభోత్సవానికి నెహ్రూ గారు హైదరాబాద్‌లో ఉన్ననాటికే ఈజిప్టుపై బ్రిటిష్ బాంబులు పడుతున్నాయి. యుద్ధం ఆపాలని ఐక్యరాజ్యసమితిలో ఆసియా, ఆఫ్రికా దేశాలతో కలిసి మనవాళ్లు గట్టిగా పట్టుబట్టారు. అవే రోజుల్లో హంగేరీ విషయంలో అంత గట్టిగా మాట్లాడలేదు, అది వేరే మాట. నిజం చెప్పాలంటే ఫిరంగులు ఆగింది ఎక్కువగా అమెరికా వత్తిడికే. ఆగిన తర్వాత కాపలాకు మాత్రం మన పటాలం పోయింది. 1967 జూన్‌లో మళ్లీ యుద్ధం వచ్చేదాకా గాజాలో ఉన్నది. ఆ యుద్ధంలో మన జవాన్లు కొందరు అక్కడే ప్రాణాలు విడిచారు.