రోటేషనల్ అథెరెక్టమీ

గుండె రక్తనాళాల్లో కాల్షియం చేరి రాయిలా బిగుసుకున్న పూడికను, వజ్రపు రజను పొదిగిన చిన్న బర్‌తో అరగదీసే చికిత్స రోటేషనల్ అథెరెక్టమీ. కాథ్‌ల్యాబ్‌లో దీన్ని రోటాబ్లేషన్, ఇంకా పొట్టిగా ‘రోటా’ అంటారు. ‘డ్రిల్లింగ్’ అనే వాడుక కూడా ఉంది గానీ అది భయపెట్టేదే తప్ప సరైన మాట కాదు. డ్రిల్లు ఎదురైనదాన్నల్లా తొలుస్తుంది. ఈ బర్ తాకితే సాగే గుణమున్న నాళపు గోడ పక్కకు ఒదుగుతుంది. ఒదగలేని కాల్షియం మాత్రం అరుగుతుంది. పిండికట్టును కోసే రంపం కింది చర్మాన్ని తెంపదు, ఇదీ దాదాపు అంతే.

వృద్ధుల్లో, మధుమేహుల్లో, డయాలసిస్ మీద ఉన్నవారిలో ఇలాంటి పూడికలు ఎక్కువ. బెలూన్‌ను ఎంత ఉబ్బించినా అవి లొంగవు. వాటి మధ్య పెట్టిన స్టెంట్ పూర్తిగా విచ్చుకోదు, విచ్చుకోని స్టెంట్‌లో గడ్డకట్టే ముప్పు ఎక్కువ. కాల్షియాన్నంతా తీసెయ్యడం రోటా పని కాదు, స్టెంట్‌కు చోటు చేస్తే చాలు.

కోలగా ఉండే బర్ 1.25 నుంచి 2.5 మిల్లీమీటర్ల సైజుల్లో దొరుకుతుంది. సన్నని తీగ మీదుగా నడుస్తూ నిమిషానికి సుమారు 1,40,000 నుంచి 1,80,000 సార్లు తిరుగుతుంది. రాలే పొడి చాలావరకు ఎర్ర రక్తకణం కన్నా చిన్నది. కేశనాళికలు దాటిపోతే కాలేయం, ప్లీహం దాన్ని ఏరేస్తాయి. పొడి ఒక్కసారిగా ఎక్కువైతే మాత్రం రక్తప్రవాహం మందగిస్తుంది. అందుకే బర్‌ను ఒత్తి తొయ్యరు. పిట్ట ముక్కుతో పొడిచినట్టు తాకిస్తూ, వెనక్కి లాగుతూ, ఒక్కో విడతను 20–30 సెకన్లలో ముగిస్తారు. ఇక్కడ కంటితో పాటు చెవికీ పని: శబ్దం స్థాయి పడిపోయిందంటే బర్ ఒత్తుకుంటోందని అర్థం. వేగంలో తగ్గుదల నిమిషానికి 5,000 సార్లను మించనివ్వరు. బర్ ఇరుక్కుపోవడం, నాళానికి చిల్లు పడడం అరుదే అయినా ప్రమాదకరం.

దీన్ని రూపొందించినది అమెరికన్ ఇంజనీరు డేవిడ్ ఆత్. అమెరికాలో 1993లో అనుమతి వచ్చింది. అయితే అందరికీ వాడితే మేలన్న ఆశ నిలవలేదు. 240 మందిపై జరిగిన రోటాక్సస్ పరీక్షలో నాళం మొదట బాగా తెరుచుకున్నా, తొమ్మిది నెలలకు ఆ లాభం మిగల్లేదు. ఇదే కోవకు చెందిన ఆర్బిటల్ అథెరెక్టమీని ఎక్లిప్స్ పరీక్షలో బెలూన్‌తో పోల్చినప్పుడు, 2024లో వెల్లడైన ఏడాది ఫలితాల్లో అదనపు ప్రయోజనం కనబడలేదు. కానీ అందులో చేర్చినవి రెండు పద్ధతులూ సాధ్యమనుకున్న పూడికలే.

బెలూన్ అసలు దూరనే దూరని చోట రోటాకు ఇప్పటికీ పని ఉంది. ధ్వని తరంగాలతో కాల్షియాన్ని పగలగొట్టే లిథోట్రిప్సీ కూడా బెలూన్ మీదే వెళ్లాలి. అది వెళ్లలేకపోతే ముందు రోటాతో దారి చేసి, తర్వాత లిథోట్రిప్సీ చేస్తారు. ఈ జంట పద్ధతికి వైద్యులు పెట్టుకున్న పేరు రోటాట్రిప్సీ.