ఫిట్స్, చెవి చీము, కంటి జబ్బు: ఇంట్లో బిడ్డకు చేయాల్సిన సేవ

బిడ్డకు ఫిట్స్ వచ్చిన ఇంట్లో మొదటి ఐదు నిమిషాలు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. ఒకరు తాళాల గుత్తి చేతిలో పెడతారు. ఇంకొకరు ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పట్టుకుంటారు. మూడోవారు పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. ఇందులో ఒక్కటీ పనికొచ్చేది కాదు. చెంచా అయితే హాని కూడా, పన్ను విరిగి గొంతులోకి పోవచ్చు. "తాళాలు పెట్టగానే ఆగింది కదా" అంటారు. నిజమేమిటంటే చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఆ సమయానికి తాళాలు చేతిలో ఉన్నాయి, అంతే.

చేయాల్సింది చాలా తక్కువ. బిడ్డను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లోని నురగ, వాంతి బయటికి వచ్చేస్తాయి. మెడ దగ్గర గుండీలు విప్పండి. తల కింద మడిచిన దుపట్టా పెట్టండి. కాళ్లు చేతులు గట్టిగా అదిమి పట్టుకోవద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు, పూర్తిగా తెలివి వచ్చేదాకా ఏమీ తాగించొద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా మళ్లీ మళ్లీ వచ్చినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. మొట్టమొదటిసారి వచ్చిన ఫిట్స్ అయితే తొందరగా ఆగిపోయినా సరే, అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఇంట్లో ఇంకొకరు ఉంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. తర్వాత డాక్టర్‌కు మీ మాటల కన్నా ఆ వీడియోనే ఎక్కువ చెబుతుంది.

ఇంతకుముందు ఫిట్స్ వచ్చిన పిల్లలకు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే రాసిస్తారు. ఎన్ని నిమిషాలు చూసి కొట్టాలి, ఎంత కొట్టాలి అన్నది చీటీ మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఆ క్షణంలో ఎవరికీ ఏదీ గుర్తుండదు. స్ప్రే ఎక్కడ ఉందో ఇంట్లో అమ్మకే కాదు, దాదీకి, నానీకి కూడా తెలియాలి.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు జ్వరంలో ఫిట్స్ రావడం అరుదేమీ కాదు. వీళ్లలో ఎక్కువమందికి పెద్దయ్యాక మూర్ఛ రాదు. జ్వరానికి పారాసిటమాల్ బిడ్డ బరువును బట్టి ఇవ్వాలి, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు గంటలు. ఇది బిడ్డకు హాయినిస్తుంది గానీ ఫిట్స్ రాకుండా ఆపుతుందన్న హామీ లేదు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు వద్దు. ఐసు నీళ్లతో తుడవడం కూడా వద్దు.

మూర్ఛ మందు విషయంలో మన ఇళ్లలో జరిగే పెద్ద తప్పు ఒకటుంది. ఆరు నెలలు ఫిట్స్ రాకపోతే "బాగైపోయింది, ఇంక మాత్రలెందుకు" అని ఆపేస్తారు. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మామూలుగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాకే డాక్టర్లు తగ్గించడం గురించి ఆలోచిస్తారు, అదీ కొద్దికొద్దిగా. దువా చేయించండి, తావీజు కట్టుకోండి, ఎవరూ కాదనరు, మాత్ర మాత్రం మానొద్దు. ఇంకో మాట. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలు రంజాన్‌లో రోజా ఉంటామని పట్టుబడతారు. సహరీ కోసం నిద్ర చెడటం, మందు వేళ తప్పడం రెండూ ఫిట్స్‌ను తెచ్చేవే. నెల ముందే డాక్టర్‌ను అడగండి. రోగికి మినహాయింపు ఉందని బిడ్డకు మీరే నెమ్మదిగా చెప్పండి.

పుట్టినప్పుడు మెదడు దెబ్బతిని కాళ్లు చేతులు బిగుసుకుపోయిన పిల్లలకు రోజువారీ సేవలో తిండి పెట్టడమే కష్టమైన పని. పడుకోబెట్టి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మళ్లీ మళ్లీ నిమోనియా వచ్చేది ఇందువల్లే. ఒడిలో నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, మెత్తని ముద్దలు చిన్న చెంచాతో పెట్టండి. ఒకటి మింగాకే రెండోది. అరగంట పట్టినా పట్టనివ్వండి, తిన్నాక ఇంకో అరగంట పడుకోబెట్టొద్దు. కదలలేని బిడ్డను రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. ఫిజియోథెరపిస్టు నేర్పిన సాగదీత కసరత్తులు ఇంట్లో రోజూ చేయకపోతే నెలకోసారి వెళ్లినా లాభం తక్కువ.

జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, చిన్నబిడ్డకు నడినెత్తి ఉబ్బడం, పాలు తాగకపోవడం, లేపినా లేవకపోవడం కనిపిస్తే మెదడు పొరల వాపు అనుమానించి వెంటనే దవాఖానాకు పరుగెత్తాలి. ఆ జబ్బు నుంచి కోలుకుని ఇంటికి వచ్చిన బిడ్డకు నెలలోపే వినికిడి పరీక్ష చేయించండి. ఈ సంగతి చాలామందికి తెలియదు. లోపలి చెవి ఎముకలా గట్టిపడిపోతే తర్వాత కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టడమూ కష్టమవుతుంది. ఆ ఆపరేషన్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉంది, కానీ వయసు పరిమితి ఉంటుంది.

పుట్టుచెవుడు విషయంలోనూ ఆలస్యమే శత్రువు. నెలలోపు పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా మిషన్ పెట్టడం అన్నది వైద్యుల లెక్క. మన ఇళ్లలో "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అంటూ మూడేళ్లు గడిపేస్తాం. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు మనలోనే కాదు, మేనరికం పేరుతో తెలుగువాళ్లందరిలోనూ ఉన్నాయి. అలాంటి దంపతుల పిల్లల్లో పుట్టుచెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. ఇందులో తల్లి తప్పు లేదు. మొదటి బిడ్డకు వినపడకపోతే తర్వాతి బిడ్డకు పుట్టగానే పరీక్ష చేయించాలి.

చెవిలో చీము కారుతుంటే కాచిన నూనె పోయడం ఇప్పటికైనా ఆపాలి. శుభ్రమైన దూదిని వత్తిలా చుట్టి చెవిలో పెట్టి, తడిసిన వత్తి తీసి కొత్తది పెడుతూ పొడిగా వచ్చేదాకా రోజుకు మూడు నాలుగు సార్లు తుడవండి. డాక్టర్ రాసిన చుక్కలను అరచేతిలో కాసేపు పట్టుకుని వేడి చేసి వేయాలి, చల్లగా వేస్తే కళ్లు తిరుగుతాయి. మూడేళ్ల లోపు బిడ్డకు చెవిని కిందికీ వెనక్కీ లాగి, పెద్దవాళ్లకు పైకీ వెనక్కీ లాగి వేయండి. చెవి వెనక వాచి చెవి ముందుకు పొడుచుకొచ్చినా, మూతి వంకర పోయినా అది సాధారణ చీము కాదు, ఆ రాత్రే వెళ్లాలి. వినికిడి మిషన్ గుండ్రటి బ్యాటరీలు చిన్నపిల్లలకు అందకుండా దాచండి. మింగితే కొద్ది గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తాయి.

ఇక కళ్లు. సుర్మా గురించి రాస్తే పెద్దవాళ్లకు కోపం వస్తుందని తెలుసు. అయినా చెప్పాలి. బజారులో దొరికే సుర్మాల్లో చాలావాటిలో సీసం ఉంటుంది, అది బిడ్డ ఒంట్లోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పసిబిడ్డ కళ్లకు వద్దు. కంటి పాప తెల్లగా మెరిసినా, ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా కనిపించినా వారం కూడా ఆగొద్దు. అది శుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ కావచ్చు. నాలుగు నెలలు దాటాక మెల్లకన్ను ఉంటే "అదృష్టం" అని మురిసిపోకండి. నెలలు నిండక, రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి, ఆ గడువు దాటితే పోయిన చూపు తిరిగి రాదు.

చుక్కలు వేసేటప్పుడు కింది రెప్పను లాగి ఆ సంచిలో ఒక్క చుక్క చాలు, రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే కంటి ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు. మంచి కన్నుకు అంటించే ప్యాచ్‌ను బిడ్డ పీకేస్తుంటుంది. చెప్పిన గంటలు పూర్తి కావాలంటే ఆ సమయంలోనే తనకిష్టమైన ఆటో, కార్టూనో పెట్టండి.

అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారీ బడికి ఒకసారి ఆర్‌బీఎస్‌కే బృందం వస్తుంది. 18 ఏళ్ల లోపు పిల్లలకు ఈ పరీక్షలు ఉచితం, అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపుతారు. ఆ రోజు బిడ్డను బడి మాన్పించకండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు తీసుకోండి. 2016 చట్టం ప్రకారం అలాంటి పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు. చీటీలు, రిపోర్టులు, స్కాన్‌లు అన్నీ ఒకే ఫైలులో పెట్టి, పై కాగితం మీద బిడ్డ బరువు, వాడే మందులు, పడని మందులు రాసి ఉంచండి.